తోడల్లుడి ప్రశ్నలు

అత్తవారింట్లో మధ్యాహ్నం భోజనాలు జరుగుతున్నాయి. ఆరుగురికి సరిపోయే బల్ల చుట్టూ ఎనిమిది మంది ఇరుక్కుని కూర్చున్నారు. మామగారు అన్నం కలపడం ఆపి, ఎంగిలి చెయ్యి గాల్లో పెట్టి కథ చెబుతున్నారు. ఆ నెలలో ఆయన ఆ కథ చెప్పడం అది నాలుగోసారి.

"అన్నీ అడిగేశాక ఆ పెద్ద సారు, నువ్వేమైనా అడుగుతావా అన్నాడట. మామూలు వాడైతే ఏమంటాడు? ఏం లేదండీ, తమ దయ అంటాడు. మన చిన్నల్లుడు కుర్చీ ముందుకు జరుపుకుని, ఈ పనిలో నాకు ముందున్నాయన ఎందుకు మానేశాడండీ, ఇక్కడ అన్నిటికన్నా కష్టమేదండీ అన్నాడట. ఆ సారు నోరు తెరిచాడట."

"నోరు తెరవలేదు మామయ్యా, తుమ్మాడు," అన్నాడు చిన్నల్లుడు కంచంలోంచి తల ఎత్తకుండానే.

బల్ల చుట్టూ అందరూ నవ్వారు. పెద్దల్లుడు మాత్రం నవ్వలేదు. అత్తగారు చిన్నల్లుడికి రెండు గరిటెల పెరుగు వేసి, తన దగ్గరకు వచ్చేసరికి ఒక గరిటెతో సరిపెట్టడం అతను గమనించాడు. గిన్నెలో పెరుగు అయిపోయిందని ఆవిడ అంది. నిజంగానే అయిపోయింది. కానీ కడుపు మండుతున్నవాడికి ఖాళీ గిన్నె కనిపించదు, పక్కవాడి కంచమే కనిపిస్తుంది.

పెద్దల్లుడు పన్నెండేళ్ళుగా టైల్స్ దుకాణంలో గోడౌన్ చూసుకుంటున్నాడు. ఆ పనికి వెళ్ళిన రోజున యజమాని ఎదుట కుర్చీ ఖాళీగానే ఉన్నా కూర్చోలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఏమైనా అడగాలా అంటే, ఎప్పట్నుంచి రమ్మంటారు అని మాత్రం అడిగాడు. మనలో చాలామందిమి పనికి అలాగే వెళతాం. ఇచ్చేవాడు దాత అనుకుంటాం. దానమిచ్చిన ఆవు పళ్ళు లెక్కపెట్టడం మర్యాద కాదనుకుని, ఆ ఆవు పొడుస్తుందో లేదో కూడా అడగకుండా పగ్గం పట్టుకుంటాం.

ఇంటికి వెళ్ళే దారిలో భార్య అంది, "మా మరిదికి ధైర్యం ఎక్కువేనండీ. అంతమంది ముందు అడగడమంటే మాటలా?"

"మాటలే మరి. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ. అందులో గొప్పేముంది?"

"గొప్పేం లేకపోతే ఆ మూతి ఎందుకు అట్లా పెట్టుకున్నారు?"

చిన్నల్లుడు లిఫ్టులు బాగుచేసే కంపెనీలో సూపర్‌వైజర్. ఆ మాట వింటేనే ఇతని చెవిలో చీమ దూరినట్టుండేది. అందుకే వారం తిరక్కుండానే, ఒక శీతల గిడ్డంగికి సూపర్‌వైజర్ కావాలన్న ప్రకటన కనిపించగానే దరఖాస్తు పెట్టాడు. పని ఎలాంటిదో చదవలేదు. ఆ ఒక్క మాట చదివాడు.

ఇక ప్రశ్నలు పోగేయడం మొదలుపెట్టాడు. కాలేజీలో చదివే పక్కింటి అమ్మాయి నాలుగు రాసిచ్చింది. ఫోనులో వెతికి మూడు పట్టాడు. తోడల్లుడివి రెండు ఉండనే ఉన్నాయి. మొత్తం తొమ్మిది. వాడు అడిగింది రెండు, తను అడగబోయేది తొమ్మిది. టైల్స్ పెట్టెలు సర్దుతూ బట్టీ పట్టాడు, బస్సులో పెదాలు కదుపుతూ బట్టీ పట్టాడు. ఒకరోజు స్నానాల గది తలుపు అవతలి నుంచి భార్య అడిగింది.

"ఏమండీ, ఎందుకు మానేశారు, ఎందుకు మానేశారు అని లోపల ఎవర్ని నిలదీస్తున్నారు? సబ్బునా?"

బయటికొచ్చాక ఆవిడ నవ్వు ఆపి అసలు సంగతికి వచ్చింది. "అది చలి గిడ్డంగి కదా. కాస్త చల్లగాలి తగిలితేనే మీకు పిల్లికూతలు. ఆయాసంతో మంచమంతా కదిలిస్తారు. ఆ సంగతి అడగండి ముందు."

"ఆరోగ్యం గురించి ఆరో ప్రశ్న ఉందిలే," అన్నాడతను జుట్టు తుడుచుకుంటూ.

ఇంటర్వ్యూ చేసినావిడ ఆ గిడ్డంగి మేనేజరు. యాభై దాటిన మనిషి, కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని, ఎదుటివాళ్ళు చెప్పినదంతా కాగితం మీద రాసుకునే అలవాటు. చివర్లో ఆవిడ కలం పక్కన పెట్టి, "మీరేమైనా అడుగుతారా?" అంది. పెద్దల్లుడు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. అది కూడా అభ్యాసం చేసిందే.

"ఈ పనిలో నాకు ముందున్నవాళ్ళు ఎందుకు మానేశారండీ?"

ఆవిడ కనుబొమలు పైకి లేచాయి. ఆ కనుబొమలను చూడగానే అతని ఒళ్ళు పులకరించింది. "మంచి ప్రశ్న. రెండేళ్ళలో నలుగురు మారారండీ. ఎందుకంటే..." అని ఆవిడ చెప్పసాగింది.

ఆ తర్వాత అతనికి ఆవిడ పెదాలు కదలడం మాత్రమే కనిపించింది. మనసు అప్పుడే అత్తవారింటి బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది. మామగారు ఎంగిలి చెయ్యి గాల్లో పెట్టి, మన పెద్దల్లుడు అడిగాడట అంటున్నారు. చిన్నల్లుడు తలొంచుకుని వింటున్నాడు. ఈలోగా రెండో ప్రశ్న ఎక్కడ జారిపోతుందోనన్న భయం ఒకటి. ఆవిడ ఆగీ ఆగగానే, "చాలా సంతోషం మేడమ్. నా తర్వాతి ప్రశ్న," అన్నాడు.

ఆవిడ ఓపిగ్గా చెప్పింది, రాసుకుంది. ఆరో ప్రశ్న దగ్గర మాత్రం కలం ఆపి, కళ్ళజోడు మీదుగా అతన్ని చూస్తూ ఎదురు ప్రశ్న వేసింది. అతను సంతోషం అన్నాడు.

"సంతోషం అంటే? లేదనేనా?"

"లేదు మేడమ్," అన్నాడతను. ఏది లేదో తనకే తెలియదు. ఏడో ప్రశ్న నాలుక చివర ఉంది.

ఉద్యోగం వచ్చింది. పన్నెండేళ్ళ గోడౌన్‌కు ఒక్క పూటలో దండం పెట్టేశాడు. అక్కడ పదిరోజుల్లో ఇంకొకరు చేరిపోయారు. తర్వాతి భోజనాల్లో మామగారు తొమ్మిది ప్రశ్నల కథ చెప్పారు. అత్తగారు అడక్కుండానే కూర మళ్ళీ వడ్డించింది. చిన్నల్లుడు, "మంచిదన్నయ్యా, ఆవిడేం చెప్పింది మరి?" అని అడిగాడు. పెద్దల్లుడు చెయ్యి ఊపి, "చెప్పిందిలే," అన్నాడు. వాడు కుళ్ళుకుంటున్నాడని లోపల పొంగిపోయాడు.

శీతల గిడ్డంగి లోపలి గదిలో చలి సున్నాకు పద్దెనిమిది డిగ్రీలు కింద ఉంటుంది. దుప్పటంత మందం కోటు వేసుకుని, గడ్డకట్టిన చేపల పెట్టెలూ బఠాణీల సంచులూ చూసుకుంటూ షిఫ్టులో నాలుగు గంటలు అక్కడే తిరగాలి. మొదటి వారం ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. రెండో వారం మెట్లెక్కడానికి మధ్యలో ఆగాల్సి వచ్చింది. మూడో వారం ఒక పొద్దున, పెట్టెల వరసల మధ్య ఊపిరి లోపలికి వెళ్ళింది గానీ బయటికి రానని మొరాయించింది. మోకాళ్ళ మీద కూలబడ్డాడు. కూలీలిద్దరు చంకల కింద చేతులేసి బయటికి ఈడ్చుకొచ్చారు.

డాక్టరు ఒక్కటే మాట చెప్పాడు. "ఆ గదిలోకి ఇంకో నెల వెళ్ళారంటే తిరిగి మీ కాళ్ళతో రారు."

మర్నాడు అతను మేనేజరు గదిలోకి రొప్పుతూనే వెళ్ళాడు. "ఇంత ప్రమాదమని ఒక్క మాట చెబితే మీ సొమ్మేం పోయేది మేడమ్? నా బతుకుతో ఆడుకుంటారా?"

ఆవిడ కోప్పడలేదు. బీరువాలోంచి అతని కాగితాలు తీసి, రాసుకున్నది చదివింది. "మొదటి ప్రశ్న, ముందున్నవాళ్ళు ఎందుకు మానేశారు. నేను చెప్పింది, ముగ్గురికి చలి పడలేదు, నాలుగో ఆయనకి ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. నాలుగో ప్రశ్న, ఇక్కడ అన్నిటికన్నా కష్టమేది. నేను చెప్పింది, లోపలి గదిలో నాలుగు గంటలు. ఆరో ప్రశ్న, ఆరోగ్యం చెడితే ఏం చేస్తారు. దానికి జవాబు చెప్పి, మీకు ఆయాసం లాంటిదేమైనా ఉందా, ఉంటే ఈ పని వద్దు అన్నాను. రెండుసార్లు అడిగాను. లేదన్నారు." కాగితం బల్ల మీద పెట్టింది. "ఇరవై ఏళ్ళలో ఇన్ని ప్రశ్నలు అడిగినవాళ్ళు లేరు. ఇంత విని కూడా నవ్వుతూ కూర్చున్నవాళ్ళు అసలే లేరు. గట్టి మనిషి అనుకున్నాను."

పెద్దల్లుడు ఆ కాగితం తన వైపు తిప్పుకుని చూశాడు. ఆ గదిలో అబద్ధమాడినవాడు ఒక్కడే. వాడికి తాను అబద్ధమాడుతున్నట్టు కూడా తెలియదు.

"గేటు దగ్గర వచ్చేపోయే లారీలు చూసుకునే పని ఒకటి ఖాళీగా ఉంది. జీతం కాస్త తక్కువ. సూపర్‌వైజర్ అనరు, గుమస్తా అంటారు. రేపు చెప్పండి," అంది ఆవిడ.

గుమస్తా. ఇంటికి వచ్చేదాకా ఆ మాటే గుచ్చింది. భోజనాల బల్ల దగ్గర చిన్నల్లుడు సూపర్‌వైజర్, పెద్దల్లుడు గుమస్తా. దానికంటే ఆ చలిగదే నయమనిపించింది. ఊపిరి పోతుందని డాక్టరు చెప్పినా సరే, తోడల్లుడి ముందు తల వంచడం కన్నా నయమనిపించింది. అసూయ మనిషిని ఎంతదూరం తీసుకుపోతుందో చూడండి.

ఆ సాయంత్రం చిన్నల్లుడు చూడ్డానికి వచ్చాడు. మంచం పక్క కుర్చీలో కూర్చున్నాడు.

"వెక్కిరించడానికి వచ్చావా?" అన్నాడు పెద్దల్లుడు.

"లేదన్నయ్యా. మా ఆవిడ ఏడుస్తుంటే వచ్చాను." తలగడ సర్దుతూ అన్నాడు. "మామయ్య చెప్పే కథలో సగమే ఉంది. ఈ ఉద్యోగానికి ముందు ఇంకో రెండు చోట్లకి వెళ్ళాను. ఒకచోట, లిఫ్టు తాళ్ళు ఎన్నాళ్ళకోసారి మారుస్తారండీ అన్నాను. తెగినప్పుడు అని నవ్వారు. లేచొచ్చేశాను. రెండోచోట నాకు ముందున్నాయన ఏమయ్యాడంటే ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. అక్కడా లేచొచ్చాను."

"మరి చెప్పలేదే?"

"దొరికిన పని కాలదన్నుకున్నాడని మామయ్య నిలువునా కడిగేస్తాడని. నాలుగు నెలలు ఖాళీగా తిరిగాను. మీ గోడౌన్ ముందునుంచి పోయేవాణ్ణి. మీరు కుర్చీలో కాలు మీద కాలేసుకుని టీ ఊదుకుంటుంటే, పన్నెండేళ్ళ పని, ఏం అదృష్టంరా ఈయనది అని కడుపు రగిలిపోయేది."

గుమ్మంలో నిలబడిన పెద్దల్లుడి భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో ఆవిడకే తెలియదు. "బాగుంది. ఆయన టీ చూసి నువ్వు, నీ పెరుగు చూసి ఆయన," అంది.

పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు పెద్దల్లుడు వాతలు పెట్టుకున్నాడు. ఆ పులికి కూడా ఒంటినిండా గాయాలేనని ఇప్పుడు తెలిసింది. వాడు అడిగిన మాటలు విని కుళ్ళుకున్నాడు. అడిగాక వాడు విన్నాడని, విన్నాక లేచి వచ్చాడని ఊహించనే లేదు.

మర్నాడు మేనేజరు ఎదుట కూర్చున్నాడు. ఈసారి కుర్చీ జరుపుకోలేదు. బట్టీ పట్టింది ఏదీ గుర్తు రాలేదు. "మేడమ్, గేటు పనిలో చలిగదిలోకి వెళ్ళాల్సి వస్తుందా?" అని మెల్లగా అడిగాడు.

"ఎప్పుడైనా లెక్క తేడా వస్తే. వారానికి ఒకసారి, పది నిమిషాలు."

అతను ఆగాడు. పది నిమిషాలంటే ఎంతసేపో ఛాతీ మీద చెయ్యి వేసుకుని ఆలోచించాడు. "ఆ పది నిమిషాలూ నా బదులు ఇంకొకర్ని పంపొచ్చా? నాకు ఆయాసం ఉంది."

ఆవిడ కలం తీసి ఆ మాట రాసుకుంది. "పంపొచ్చు," అంది. ఆవిడ రాసిందంతా పెద్దల్లుడు తనే ఒకసారి చదివి, తర్వాత సంతకం పెట్టాడు.

పని అడగడానికి వెళ్ళినవాడు బిచ్చానికి వెళ్ళినవాడు కాదు. తన ఒంటినీ తన రోజులనూ ఇవ్వబోతున్నవాడు. కాబట్టి అడగాలి, తప్పకుండా అడగాలి. కానీ అడగడం పక్కవాడిని గెలవడానికి కాదు, తన బతుకు కాపాడుకోవడానికి. అందుకే ప్రశ్న వేసినవాడు జవాబు పూర్తయ్యేదాకా నోరు మూసుకుని, చెవులు తెరుచుకుని కూర్చోవాలి.