వేడి చేసిన వీధి

నేను ఒక ఫ్లెక్సీని. పుట్టింది ఒక నాయకుడి పుట్టినరోజు కోసం. నిలువెత్తు ఆయన, నిండా ఆయన నవ్వు. నాలుగు రోడ్ల కూడలిలో కట్టిన నాడు నా అంతటిది లేదని మిడిసిపడ్డాను. వారం తిరక్కుండా తాళ్ళు కోసి, చుట్ట చుట్టి, ఆరోగ్య కేంద్రం వెనకాల పడేశారు.

నన్ను చేరదీసింది ఆశా కార్యకర్త నూకరత్నం. నాయకుడి మొహాన్ని గోడవైపు తిప్పి, తెల్లటి నా వీపు మీద వార్డంతా గీసింది. వీధులు, కుళాయిలు, ఇల్లిల్లూ. ఎవరింట్లో జబ్బుంటే ఆ ఇంటి మీద ఒక బొట్టుబిళ్ళ, అదీ తన సొంత అట్టలోంచి. నాకు చక్కిలిగింతలు పెట్టినట్టుండేది. మొహం చూపించిన వారంలో నన్ను ఎవరూ సరిగ్గా చూడలేదు. వీపు చూడ్డానికి మాత్రం డాక్టర్లే కుర్చీలోంచి లేచి వచ్చేవారు. మనుషుల సంగతి నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

ఒకరోజు కబురొచ్చింది. వార్డుకి కొత్త మరుగుదొడ్లు, పక్కనే వారానికోసారి ఆడవాళ్ళకి వైద్యం. రెండూ ఒక్క వీధికే, జబ్బులెక్కువున్న వీధికే. సోమవారం పెద్ద డాక్టరమ్మ వచ్చి నన్ను చూసి తేలుస్తుందట. నేను ఉబ్బిపోయాను. నూకరత్నం దిగాలుపడింది. రొయ్యల షెడ్లలో పనిచేసే ఆడవాళ్ళ వీధిలో మరుగుదొడ్డన్నదే లేదు. నా మీద చూస్తే ఆ వీధికి రెండంటే రెండే బొట్లు. నా ప్రకారం వార్డులోకెల్లా ఆరోగ్యవంతులు వాళ్ళే!

శనివారం పొద్దున్నే నన్ను చంకన పెట్టుకుని అక్కడికి వెళ్ళింది. రొయ్యలు ఒలిచి ఒలిచి వేళ్ళు పాసిపోయిన అప్పాయమ్మ అరుగు మీద కూర్చుని ఉంది.

"ఒంట్లో ఎలాగుంది అత్తా?"

"బానే ఉందమ్మా. కాస్త వేడి చేసింది, అంతే."

నూకరత్నం అలవాటుగా 'ఏమీ లేదు' అని రాయబోయి ఆగింది. ఈ వీధిలో ఇంటింటా ఇదే మాట విన్నది, ప్రతిసారీ ఇదే రాసింది.

"వేడి చేస్తే ఏమవుద్ది అత్తా?"

"ఒంటికెళ్తే మంట. చలిజ్వరం. షెడ్డులో ఎల్లడానికి చోటుండదు, ఇక్కడా ఉండదు. అందుకే పొద్దస్తమానం నీళ్ళు ముట్టం. ఇదేమన్నా చెప్పుకునే జబ్బా?"

"నా బుద్ధి తగలెయ్య! మీ జబ్బులన్నీ మాయం చేసింది నేనేనత్తా!"

నూకరత్నం అక్కడే నన్ను పరిచి వీధంతా కేకేసింది. పదకొండు ఇళ్ళకే అట్ట ఖాళీ. అప్పుడొక కొత్త కోడలు తన నుదుటి బొట్టు తీసి తన ఇంటి మీద అంటించింది. "నాదీ!" "కాస్త జరగవే, మాది మూలిల్లు!" ఒకటే నవ్వులు. ఎర్రవి, నల్లవి, రాళ్ళు పొదిగినవి, చెమటతో తడిసినవి. మొగుడు పోయి పన్నెండేళ్ళుగా బొట్టు ముట్టని అప్పాయమ్మ, పక్కింటామె నుదుటిది ఒలిచి, "నా ఇల్లేం పాపం చేసింది?" అంటూ తన చేత్తోనే పెట్టింది. నాకు ఏడుపొచ్చింది. కన్నీళ్ళు లేని పుట్టుక కాబట్టి పరువు దక్కింది.

సోమవారం డాక్టరమ్మ శుక్రవారం దాకా ఉన్న లెక్కల కాగితం పక్కన పెట్టుకుని నన్ను ఎగాదిగా చూసింది. "రెండ్రోజుల్లో ఇంత జబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందమ్మా?"

"జబ్బు పాతదే మేడమ్. నాకే అడగడం రాలేదు. వాళ్ళు వేడన్నారు, నేను ఏమీ లేదని రాశాను."

చివాట్లు తప్పవనుకున్నాను. ఆవిడ మాత్రం వీధిలో అందరికీ పరీక్షలు చేయించి, ఫలితాలు చూసి, సంతకం పెట్టేసింది. ఊళ్ళో అన్ని వార్డుల కాగితాల్లోనూ 'వేడి చేసిందా?' అన్న ప్రశ్న కూడా చేర్పించింది.

వీధికీ షెడ్లకీ మధ్య మరుగుదొడ్లు లేచాయి. పక్కనున్న వైద్యం గదిలో నేను గోడకి ఉన్నాను. అంచులు చిరిగాయి, దర్జా తగ్గలేదు. నయమైన ఇంటి బొట్టుని నూకరత్నం గోటితో ఒలిచేస్తుంటే, పెట్టించుకున్నప్పటికంటే హాయిగా ఉంటుంది నాకు.

నిన్న అప్పాయమ్మ వంతు. షెడ్డుకి వెళ్ళే దారిలో ఆగి, చెంబెడు నీళ్ళు గటగటా తాగి, మూతి తుడుచుకుని, ఖాళీ చెంబు మళ్ళీ చాపింది.

"ఇంకాస్త పొయ్యవే రత్నం. ఎల్లడానికి చోటుందిగా!"