ఆఖరి బొమ్మలో మాట

పులికి గాండ్రింపు పెట్టడం అయ్యాక లాజరు కలం పాళీని పాతగుడ్డతో తుడిచి, దయ్యం కథ ముందుకు లాక్కున్నాడు. దయ్యం మాటలు వణుకుతున్నట్టు వంకరగా రాయాలి. డిటెక్టివువి నిటారుగా ఉండాలి. రాజులకు లావు అక్షరాలు, ప్రేమించుకునేవాళ్ళకు గుండ్రటివి. ఇదంతా అతనికి ఎవరూ నేర్పలేదు. ఆటోనగర్‌లో లారీల మీద పేర్లు రాసేవాడు. నిచ్చెన మీదనుంచి పడి కాలు విరిగాక, కూర్చుని చేసే పని వెతుక్కుంటూ బసవపున్నయ్య గారి ప్రెస్సుకి వచ్చాడు.

ఆ ప్రెస్సు నుంచి నెలనెలా ఒక బొమ్మల కథల పుస్తకం వచ్చేది. బొమ్మలు మద్రాసు నుంచి రైలు పార్సిల్లో దిగేవి. వాటిలో మనుషుల నోళ్ళ పక్కన తెల్లటి బుడగలు ఖాళీగా ఉండేవి. రచయిత ఇచ్చిన మాటలు చూసి ఆ బుడగలు నింపడం లాజరు ఉద్యోగం. సన్నటి మనిషి. కళ్ళజోడుకి ఒక పక్క పుల్ల లేక దారం కట్టుకున్నాడు. చూపుడు వేలికి సిరా మరక పడి, ఎంత తోమినా వదలని నల్లమచ్చ అయింది. పెళ్ళి మాట ఎత్తే తల్లి కంకిపాడులో పోయాక, మళ్ళీ ఆ మాట ఎత్తినవాళ్ళు లేరు.

పక్కగదిలో చాప మీద కూర్చుని అచ్చు కాగితాలు మడతపెట్టే ఆవిడ పేరు తెరేసమ్మ. భర్త పోయి చాలాకాలమైంది, పిల్లలు లేరు. వెడల్పాటి ముఖం, ఎప్పుడూ మోచేతుల దాకా మడిచిన జాకెట్టు చేతులు. చదువు రాదు. మడతపెడుతూనే బొమ్మలు చూసి కథంతా అల్లుకునేది. కొన్నేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం కాగితం పట్టుకుని లాజరు బల్ల దగ్గరికి వచ్చింది.

"ఈ పిల్ల ఎందుకు ఏడుస్తందో చెప్తారాండీ?"

లాజరు చదివి వినిపించాడు. తెరేసమ్మ ఒప్పుకోలేదు.

"అదేందండీ! ఏడుపు ముంచుకొస్తంటే అంత పొడుగు మాటలు ఎవరాడతారు? ‘పోరా’ అనుంటది, అంతే."

లాజరుకి ఆ రోజంతా నవ్వొస్తూనే ఉంది. అప్పటినుంచి, రాసేముందే బొమ్మలు తీసుకెళ్ళి ఆవిడకి చూపించడం మొదలుపెట్టాడు. యుద్ధం గెలిచి కోటకు వచ్చిన రాజు చేత రచయిత విజయలక్ష్మీదేవిని పొగిడించాడు. "ముందు కాళ్ళకి నీళ్ళియ్యమంటాడండీ," అంది తెరేసమ్మ. లాజరు అదే రాశాడు. మీ కథల్లో మనుషులు మా ఇంట్లోవాళ్ళలా మాట్లాడతారని పాఠకులు ఉత్తరాలు రాస్తే, బసవపున్నయ్య గారు వాటిని భద్రంగా రచయితకు పంపించేవారు.

దయ్యం కథ సగంలో ఉండగా బసవపున్నయ్య గారే వచ్చారు.

"లాజరూ, చంద్రలోకం కథ ఆఖరి పేజీ సాయంత్రానికి అయిపోవాలి. అన్నట్టు, తెరేసమ్మకి ఇవాళే ఆఖరంట. మైలవరంలో కాన్వెంటు సిస్టర్లు హాస్టల్లో వంటకి పిలిచారంట. ఉండటానికి గది కూడా ఇస్తారంట."

లాజరు తలూపాడు. పాళీ చివర సిరా చుక్క ఉబ్బి, దయ్యం జుట్టులో పడింది. జుట్టు నల్లదే కాబట్టి తెలియలేదు.

అన్నాల వేళకు ఆఖరి పేజీ పట్టుకుని పక్కగదికి వెళ్ళాడు. తెరేసమ్మ గిన్నెలో గోంగూర అన్నం కలుపుకుంటోంది.

"చెబుదామనుకుంటానే ఉన్నానండీ," అంది తలెత్తకుండా. "నోరు రాలేదు."

"మంచి పనేగా," అన్నాడు లాజరు.

"మంచిదే."

అతను బొమ్మ ఆవిడ ముందు పెట్టాడు. భూమి నుంచి వచ్చిన యువకుడు రాకెట్టు మెట్టు మీద ఒక కాలు వేసి వెనక్కి చూస్తున్నాడు. చంద్రలోకం పిల్ల కింద నిలబడి ఉంది. బుడగ ఆ పిల్లది.

"ఏమంటుందంటారు?"

తెరేసమ్మ చాలాసేపు చూసింది. చేతిలో ముద్ద అలాగే ఉంది.

"ఏమంటదండీ... ‘ఉండిపో’ అంటది." ముద్ద గిన్నెలో పెట్టేసింది. "అడిగితే ఉండిపోయేవాళ్ళు ఉంటారండీ. అడిగేవాళ్ళే ఉండరు."

లాజరు నోరు తెరిచాడు. ఇన్నేళ్ళూ ఎందరికో మాటలు రాసిన మనిషి.

"మైలవరం బస్సు ఎన్నింటికండీ?" అని అడిగాడు.

మధ్యాహ్నమంతా ఆ ఒక్క బుడగ ముందే కూర్చున్నాడు. చివరికి నడిమధ్యన, తనకు చేతనైనంత గుండ్రంగా, ఆ ఒక్క మాటే రాశాడు. బసవపున్నయ్య గారు చూసి కళ్ళు చిట్లించారు.

"రచయిత బుడగ నిండా రాసిచ్చాడు గదయ్యా?"

"ఇది చాలండీ," అన్నాడు లాజరు. యజమానికి అతను ఎదురుచెప్పడం అదే మొదలు. ఆయన బొమ్మ వంక ఇంకోసారి చూసి, "సరే కానీ," అని వెళ్ళిపోయారు.

పొద్దు వాలుతుండగా తెరేసమ్మ సంచీ పట్టుకుని వచ్చి బల్ల పక్కన నిలబడింది. పేజీ ఇంకా అక్కడే ఉంది.

"ఏం రాశారండీ?"

"మీరు చెప్పిందే."

"అయితే చదవండి. మీ నోట విని పోతాను."

లోపల అచ్చుయంత్రం ఆడుతోంది. లాజరు కాగితం మీదికి వంగాడు. పెదవులు కదిలాయి. పైకి మాత్రం, "మీరు చెప్పిందేనండీ," అని మళ్ళీ అన్నాడు.

తెరేసమ్మ ఇంకాస్త సేపు నిలబడింది. తర్వాత చిన్నగా నవ్వింది.

"కాలు జాగ్రత్తండీ, వానాకాలం లాగుద్ది. ఉంటాను."

అతను కుంటుకుంటూ గుమ్మం దాకా వెళ్ళేసరికి ఆవిడ సందు మలుపు దాటుతోంది. పిలిస్తే వినిపించేంత దూరమే. గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. మలుపు దగ్గర ఎవరూ లేకుండా పోయాక కూడా నిలబడ్డాడు.

యంత్రం ఆపేశారు. పనివాళ్ళంతా వెళ్ళిపోయారు. లాజరు పక్కగదిలోకి వచ్చి, చాప దగ్గర ఆగి, "ఉండిపోండి," అన్నాడు. మాట బాగానే పలికింది.

చాప పక్కన, అట్టలు అంటించడానికి ఆవిడ కలుపుకున్న మైదా జిగురు గిన్నె కడగకుండానే ఉండిపోయింది. పైన పొర కట్టి గట్టిపడుతున్న జిగురులో నాలుగు వేళ్ళ చార ఇంకా తడిగా మెరుస్తోంది.