కృపాదానం తూటాలు

కృపాదానం తూటాలు మూసే యంత్రం మీట కిందికి నొక్కాడు. ఎర్రటి తూటా డొల్ల మూతి మడతలు మడతలుగా లోపలికి ముడుచుకుని మూసుకుంది. దాన్ని బయటికి తీసి, బొటనవేలితో మూతి మీద తడిమి చూశాడు. ఎక్కడా ఎత్తు లేదు, పల్లం లేదు. పెట్టెలో మిగతావాటి పక్కన నిలబెట్టి, ఇంకో డొల్ల అందుకున్నాడు.

షెడ్డు బయట, ఉదయపు ఎండలో కుర్చీ వేసుకుని మాలకీ కూర్చున్నాడు. ఎనభై దాటిన ఐరిష్ రైతు. కరోనా వచ్చాక ముసలివాళ్ళు మనుషులకు దూరంగా ఉండాలన్నారని, కృపాదానం ఉన్నంతసేపూ తన షెడ్డులోకి తనే అడుగు పెట్టడం మానేశాడు. కిటికీలోంచే చూస్తాడు.

"అది కొంచెం వంకర పోలేదూ?"

కృపాదానం ఆ తూటాను వెలుగులోకి ఎత్తి, నెమ్మదిగా తిప్పి చూపించాడు.

"గ్రాండ్," అన్నాడు మాలకీ.

కాల్చేసిన డొల్లల్లో మళ్ళీ మందూ సీసపు గుళ్ళూ నింపి తూటాలు చేసుకోవడం మాలకీకి కుర్రతనం నుంచీ ఉన్న సరదా. కృపాదానానికి ఆ పని నేర్పిందీ అతనే. ఇద్దరికీ అనుమతులున్నాయి, గార్డులు, అంటే అక్కడి పోలీసులు, కూడా వచ్చి షెడ్డు చూసి వెళ్ళారు. మందు ఎక్కువైతే ప్రమాదం, తక్కువైతే పరువు తక్కువ. ఆ మధ్యన ఉండే సన్నటి గీత మీద నడవడం కృపాదానానికి ఇష్టం.

పొట్టి మనిషి. ఎడమ భుజం కాస్త కిందికి జారి ఉంటుంది. లూకన్ దగ్గర ఒక వృద్ధాశ్రమంలో బట్టలు ఉతికే పని. ఏళ్ళ తరబడి ఆవిరికి అరచేతుల చర్మం నునుపెక్కి మెరుస్తుంది. భార్య లీలారాణికి నర్సు ఉద్యోగం వస్తే, కైకలూరులో సైకిల్ షాపు మూసేసి ఆమె వెంట వచ్చాడు. చర్చిలో అందరికీ అతను 'లీలా సిస్టర్ గారి ఆయన'. కొందరికి అసలు పేరే తెలియదు. దానికి అతనెన్నడూ నొచ్చుకోలేదు. ఆమెను చూసి గర్వపడ్డాడు, అంతే.

ఆ వసంతంలో ఆశ్రమంలో చాలామంది పోయారు. వాళ్ళ బట్టలు సంచుల్లో కిందికి దిగేవి. ఉతికి పంపిస్తే చాలన్నారు. కృపాదానం ఊడిన గుండీలు కుట్టి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి మరీ పంపాడు. కడసారి చూపుకైనా నోచుకోని పిల్లలు ఆ సంచి తెరుస్తారు కదా అనుకున్నాడు. ఈ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు.

ఇవాళ గన్ క్లబ్ నెలల తర్వాత తెరుచుకుంటోంది. గాల్లోకి విసిరిన మట్టి బిళ్ళల్ని కాల్చే పోటీ. మాలకీ ఏనాడూ కొన్న తూటా కాల్చలేదు. ఈసారి అతని చేతులు వణుకుతున్నాయని అందరూ గమనించారు. పోటీ జరిగే పొలం గట్టు మీద అతని మేనల్లుడు కానర్ దూరంగా నిలబడే అన్నాడు.

"కొనుక్కోరాదా మామయ్యా? అందరి ముందూ తుస్సుమంటే బావుండదు."

మాలకీ పెట్టెలోంచి రెండు తూటాలు తీసి తుపాకీలో పెట్టుకున్నాడు. కృపాదానం మాస్కు వెనక పెదవి కొరుక్కున్నాడు.

మొదటి బిళ్ళ లేచింది. తుపాకీ పేలింది. బిళ్ళ నల్లటి పొడిగా రాలింది. రెండోది గురి తప్పింది గాని, చప్పుడు మాత్రం నిండుగా, గుండ్రంగా వచ్చింది. ఆ తర్వాత కృపాదానం బిళ్ళల వైపు చూడనే లేదు. కళ్ళు మూసుకుని చప్పుళ్ళు వింటూ నిలబడ్డాడు. పెట్టె ఖాళీ అయ్యేదాకా ఒక్కటీ మొరాయించలేదు.

"నీ చేతులు ఇంకా గట్టివే!" అన్నాడు కానర్.

మాలకీ తుపాకీని మధ్యకు విరిచినట్టు మడిచి చంకన పెట్టుకున్నాడు. "నా చేతులు కావు. శీతాకాలం నుంచీ నేనొక్కటి కూడా చేయలేదు. ఇవి కృపా తూటాలు."

అందరి తలలూ ఇటు తిరిగాయి. కానర్ నేల మీది డొల్ల ఒకటి తీసి, అటూ ఇటూ తిప్పి చూశాడు. "నాకూ నేర్పుతావా కృపా?" అని అడిగాడు. కృపాదానం తలూపాడు.

డ్యూటీ దిగి కారులో వచ్చిన లీలారాణి కంచె దగ్గర నిలబడి ఉంది. ఒక పెద్దాయన టోపీ తీసి ఆమెను పలకరించాడు.

"మీరు కృపా భార్యా?"

కారు ఎక్కాక ఆమె ఆగలేకపోయింది. "ఏవండీ, విన్నారా? కృపా భార్యా అని అడుగుతున్నాడండీ నన్ను!"

"మరి కాదేంటే?" అన్నాడు కృపాదానం. ఆడమ్స్‌టౌన్‌లో ఇల్లు చేరేదాకా ఇద్దరూ నవ్వుతూనే ఉన్నారు.

ఇంటికొచ్చి బెండకాయ పులుసు మారు వడ్డించుకుని తిన్నాడు. సోఫాలో నడుం వాల్చి, "కాసేపాగి టీ పెట్టు లీలా," అన్నాడు. ఆమె టీ తెచ్చేసరికి ముఖం పక్కకు వాలి ఉంది. చెయ్యి గుండె మీద ఉంది. కప్పు కింద పెట్టకముందే ఆమెలోని నర్సుకు తెలిసిపోయింది. అయినా భార్య కాబట్టి, "ఏవండీ" అని పిలుస్తూనే నాడి పట్టుకుంది.

చర్చిలోకి కొద్దిమందినే రానిచ్చారు. శవపేటిక బండి వెనక కారులో వెళుతూ లీలారాణి కిటికీలోంచి చూసింది. రోడ్డు పొడవునా, పొదల కంచెను ఆనుకుని, దూరం దూరంగా క్లబ్బు మనుషులు నిలబడి ఉన్నారు. అందరి చేతుల్లోనూ మడిచిన ఖాళీ తుపాకులు, తీసిన టోపీలు. వరసలో చివర మాలకీ, ఊతకర్ర లేకుండా, నిటారుగా. బండి దాటుతుంటే ఒక్కొక్కరూ "కృపా" అన్నారు. ఆమె తల ఎత్తి, వాళ్ళందరినీ చూస్తూ వెళ్ళింది.

తర్వాత ఒక ఉదయం ఆయన వస్తువులు తీసుకోవడానికి షెడ్డుకు వెళ్ళింది. మాలకీ తాళం తీసి, దూరంగా వెళ్ళి నిలబడ్డాడు. తలుపు వెనక మేకుకు తను అల్లిన నీలం స్వెట్టర్ వేలాడుతోంది. పోటీ రోజు ఎండెక్కగానే విప్పేసినట్టున్నాడు. ఆమె దాన్ని మేకు మీంచి తీసి, బల్ల పక్కన కూర్చుని ఒళ్ళో పెట్టుకుంది. దాని చేతులు మోచేతుల దాకా మడిచినవి మడిచినట్టే, రెండూ సరిసమానంగా ఉన్నాయి.