గుమ్మం కెమెరా కలిసిన వేళ

మధ్యాహ్నం పన్నెండున్నరకి రక్తపరీక్షల ల్యాబ్‌లో అక్క ఫోన్ వరసగా నాలుగుసార్లు మోగింది. గుమ్మం కెమెరా ఆఫ్‌లైన్. హాలు కెమెరా ఆఫ్‌లైన్. వంటగదిదీ, బాల్కనీదీ కూడా అంతే. ఇంట్లో చెల్లెలూ, దాని రెండేళ్ల కూతురూ తప్ప ఎవరూ లేరు.

మొగుడి దెబ్బలు తట్టుకోలేక చెల్లెలు కట్టుబట్టలతో వచ్చేసి మూడు నెలలైంది. ఎక్కడున్నా వదలనని అతను బెదిరించబట్టే అక్క ఆ కెమెరాలు పెట్టించింది. పది రోజుల కిందట నడిరోడ్డు మీద చెల్లెలి చేతిలోంచి ఫోన్ లాక్కుని పోయాడు. సిమ్ ఆపించి, కొత్త ఫోన్ కొనుక్కుని, అంతటితో పీడ వదిలిందనుకున్నారు ఇద్దరూ.

ఇప్పుడు ఎన్నిసార్లు చేసినా చెల్లెలు ఫోన్ ఎత్తలేదు. అక్క గ్లవ్స్ ఊడబీకి, సీసాలు పక్కనున్నావిడకి అప్పజెప్పి, దొరికిన బండి ఎక్కేసింది. మూడంతస్తులు ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు.

"నేనేనే, తియ్యి" అని పదిసార్లు చెప్తే గానీ తలుపు తెరుచుకోలేదు. చెల్లెలి మొహంలో నెత్తురుచుక్క లేదు. చంకలో పిల్ల, రెండో చేతిలో కూరగాయల కత్తి.

"ఫోన్ ఎత్తవేంటే? అక్కడ నా ప్రాణాలు పోయాయి!"

"మాట్లాడితే వింటాడని భయమేసిందక్కా. పాపకి అన్నం పెడుతుంటే హాల్లో కెమెరా తల తిప్పింది. నేను ఇటొస్తే ఇటు, అటెళ్తే అటు. నువ్వు తిప్పావా?"

"నేనెందుకు తిప్పుతానే? పనిలో ఉన్నాను."

"అందుకే వైఫై పేరూ పాస్‌వర్డూ మార్చేశాను."

అక్క కెమెరాలు బిగించినతనికి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, సంగతంతా చెప్పింది.

"మేడమ్, ఆ పోయిన ఫోన్లో కెమెరాల యాప్ ఉందా?"

అక్కాచెల్లెళ్లు మొహమొహాలు చూసుకున్నారు. ఉంది.

"సిమ్ ఆపితే సరిపోదు మేడమ్. ఆ ఫోన్‌కి ఎక్కడ నెట్ దొరికినా మీ ఇల్లు కనిపిస్తుంది. ముందు యాప్ పాస్‌వర్డ్ మార్చి, రెండో ఫోన్ని తీసేయండి."

యాప్‌లో నిజంగానే రెండు ఫోన్లున్నాయి. రెండోది, ఆ పోయిన ఫోన్, కెమెరాలు చివరిసారి చూసింది ఆ రోజే, పన్నెండూ ఇరవైకి. గుమ్మం దగ్గర ఎవరైనా కదిలితే వచ్చే హెచ్చరికని కూడా ఆపేసి పెట్టాడు. పది రోజుల తిండీ, నిద్రా, పిల్ల ఆటలూ అన్నీ చూశాడన్నమాట. చెల్లెలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అక్క పాస్‌వర్డ్ మార్చి, ఆ ఫోన్ పేరు తీసేసింది.

"ఇప్పుడు వైఫైకి పాత పేరూ పాస్‌వర్డూ పెట్టేయండి. కెమెరాలు వాటంతటవే కలుస్తాయి."

"వద్దు!" అని చెల్లెలు అరిచింది. "ఆ పాస్‌వర్డ్ కూడా ఆ ఫోన్లోనే ఉంది."

"అయితే ఒక్కోదాన్నీ చేత్తో కలపాలి. వెనక బటన్ పది సెకన్లు నొక్కండి. ఎర్రలైటు కొట్టుకుంటుంది. అప్పుడు ఫోన్లో వచ్చే గళ్ల బొమ్మ, అదే క్యూఆర్ కోడ్, దానికి చూపించండి."

హాలు కెమెరా రెండుసార్లు మొరాయించింది. రౌటర్ రెండు వైఫైలు ఇస్తుందనీ, పేరు చివర ఐదు ఉన్నదాన్ని ఈ కెమెరాలు అందుకోలేవనీ అతను చెప్పాక, రెండోదానికి మారిస్తే కలిసింది. తర్వాత వంటగదిదీ, బాల్కనీదీ. మిగిలింది గుమ్మం కెమెరా. అది బయట, తలుపు మీద ఉంది.

అక్క స్టూలు పట్టుకుని బయటికొచ్చింది. డాబా మీదికెళ్లే మెట్లు ఆమె వీపు వెనకున్నాయి. స్టూలెక్కి బటన్ నొక్కింది, ఫోన్ ఎత్తి చూపించింది. బీప్‌మంది. తెరమీద ముందు తన నడినెత్తి కనిపించింది. దాని వెనక డాబా మెట్ల మలుపులో ఒక జత నల్లబూట్లు. బూట్లలో కాళ్లున్నాయి.

తిరిగి చూస్తే దూకుతాడు. తలుపు చట్రం పట్టుకుంది.

"అన్నా," అంది ఇంకా లైన్లోనే ఉన్న కెమెరాలతనితో గట్టిగా, "కిందికొచ్చేశారా? ఇద్దరూ పైకి వచ్చేయండి."

అతను సంగతి పసిగట్టాడు.

"వచ్చేశాం మేడమ్, మెట్లెక్కుతున్నాం," అన్నాడతను, అంతకంటే గట్టిగా.

అక్క ఒక కాలు దించింది. రెండోది దించింది. పరుగెత్తకుండా లోపలికి నడిచి గడియ వేసింది. అంతలోనే బయట బూట్లు దడదడమంటూ దిగాయి, తలుపు మీద భుజం పడింది.

"నా పెళ్లాన్ని బయటికి పంపు! లేకపోతే ఇద్దర్నీ పాతేస్తా!"

పిల్ల గుక్కపట్టింది. చెల్లెలు భోజనాల బల్లని తలుపుకి అడ్డంగా లాగింది. అక్క యాప్‌లో సైరన్ నొక్కింది. భవనమంతా మార్మోగింది. "పోలీసులకి ఇంకో ఫోన్ నుంచి చెప్పేశాను, తలుపు తియ్యకండి" అంటూనే ఉన్నాడు కెమెరాలతను. తలుపు ఇంకో నాలుగుసార్లు అదిరింది. పైగడియ మేకు ఒకటి ఊడి నేలమీద పడింది. తర్వాత కింద అంతస్తుల్లో తలుపులు తెరుచుకున్న చప్పుడు, కేకలు, మెట్లమీద పరుగు. చెల్లెలి మొగుడు గేటు దాటలేకపోయాడు. పక్కింటివాళ్లు పోలీసులు వచ్చేదాకా పట్టుకున్నారు. ఉదయం పదింటినుంచీ ఫోన్లో గుమ్మం చూస్తూ డాబామీదే కాచుకున్నాడట, ఇద్దరిలో ఎవరు తలుపు తీస్తారా అని; కెమెరాలు ఆగిపోయాక అక్క లోపలికెళ్లింది అతనికి కనిపించలేదట.

స్టేషన్లో ఆడ ఇన్‌స్పెక్టర్ గుమ్మం కెమెరా పట్టినదంతా రెండుసార్లు చూసింది. అతని మొహం, తలుపుకి గుద్దిన భుజం, అన్న మాటలు, అన్నీ ఉన్నాయి. ఇంతకుముందు ఫిర్యాదుకి వెళ్లినప్పుడల్లా సాక్ష్యమేదని పంపేసినవాళ్లు ఈసారి కుర్చీలు వేశారు.

"మొదట్నుంచీ చెప్పమ్మా," అంది ఇన్‌స్పెక్టర్.

చెల్లెలు అక్క చెయ్యి పట్టుకుని పెళ్లయిన మొదటి నెలనుంచీ మొదలుపెట్టింది. చీకటి పడేదాకా చెప్పింది. అందులో సగం అక్కకి కూడా ఎన్నడూ చెప్పనిది. అక్క దాని వీపు నిమురుతూ కూర్చుంది.