ఒకసారి చెబితే చాలు

నా కుడికాలి వేళ్ళలో రెండు వెళ్ళిపోయాయి. ఎక్కడికి వెళ్ళాయో ఆసుపత్రివాళ్ళు చెప్పలేదు, నేనూ అడగలేదు. అవి వెళ్ళాక నాకు మాత్రం ఎక్కడికీ వెళ్ళే యోగం లేకుండా పోయింది. మూడో అంతస్తు, లిఫ్టు లేని మేడ, కట్టు కట్టిన కాలు. మా ఆవిడ అంతకు ముందే పోయింది. కట్టుకున్నది పోయింది, కట్టు మిగిలింది అని నేనే అనేవాణ్ణి. విన్నవాళ్ళు నవ్వేవారు. నవ్వినవాళ్ళు కాసేపు కూర్చునేవారు. అసలు సంగతి అదీ.

నాకు నోరెక్కువ. అది నా తప్పు కాదు, నా ఉద్యోగం. బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పడమే ఇన్నేళ్ళూ నా పని. ఒక రోజు నన్నో గదిలో కూర్చోబెట్టి అన్ని ఊళ్ళ పేర్లూ, అన్ని అంకెలూ ఒక్కోసారి చెప్పించుకుని రికార్డు చేసుకున్నారు. ఇక మీరు రానక్కర్లేదు, మీ గొంతు వస్తే చాలన్నారు. ఇప్పటికీ గాలి ఇటు తిరిగితే వంటింటి కిటికీలోంచి నా గొంతు నాకే వినబడుతుంది. "దయచేసి గమనించండి" అంటాడు వాడు. గమనిస్తూనే ఉన్నానురా అంటాను నేను. మా ఇద్దరి మధ్యా అంతకు మించి మాటల్లేవు.

అలాంటి ఇంటికి, కాలు పుణ్యమా అని, మూడు ఆఫీసుల నుంచి మనుషులు రావడం మొదలైంది. కట్టు మార్చడానికి ఆసుపత్రి నుంచి సిస్టరు. సేవాసంఘం వంటశాల నుంచి క్యారేజీ తెచ్చే అక్క. నేను బతికే ఉన్నానా, ఉంటే ఎలా ఉన్నానని చూసి వెళ్ళడానికి సంక్షేమ శాఖ నుంచి ఒక అమ్మాయి. కొత్తగా ఉద్యోగంలో చేరింది గనక ఆ పిల్ల ఏం చేసినా శ్రద్ధగా చేసేది. శాకం ఒకచోటి నుంచి, శాఖ ఇంకోచోటి నుంచి. ఒకరి రాకపోకలు ఒకరికి తెలియవు. గంటకోసారి గంట మోగేది. మా ముందుగది రాజావారి దర్బారులా ఉండేది. రాజుగారికి కిరీటం నెత్తి మీద కాకుండా కాలికి ఉండేది, అంతే తేడా.

ముగ్గురూ అవే ప్రశ్నలు అడిగేవారు. పేరేంటి, షుగరు ఎన్నాళ్ళ నుంచి, ఎప్పుడైనా పడ్డారా, ఇంట్లో ఇంకెవరుంటారు. ఒకరు సెలవు పెడితే వాళ్ళ బదులు వచ్చినవాళ్ళూ అవే. ఇంకొకరైతే విసుక్కుంటారు. నాకు మాత్రం ఒక్కో ప్రశ్న ఒక్కో మైకు.

"ఎప్పుడైనా పడ్డారా?"

"పడ్డానమ్మా, మా ఆవిడ చూపులో. ఇంతవరకూ లేవలేదు."

"ఇంట్లో ఇంకెవరుంటారు?"

"నేనూ, నా గొంతూ. ఇద్దరం ఒకళ్ళనొకళ్ళం భరిస్తున్నాం."

సిస్టరు నవ్వాపుకుంటూ "అబ్బ, చాల్లే అన్నయ్యా, కాలు కదపకు" అనేది. క్యారేజీ అక్క గడపలోనే కూలబడి, కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వేది. "కాలికి కాదయ్యా తమ్ముడూ, నీ నోటికి వెయ్యాలి కట్టు!" అనేది. సంక్షేమం అమ్మాయి మాత్రం నవ్వేది కాదు. నేను చెప్పిన జవాబును తలూపుతూ, నిజమే కాబోలు అన్నట్టు వినేది. ఆ పిల్లని ఒక్కసారైనా నవ్వించాలని నాకు పంతం పట్టుకుంది. కొంప ముంచింది ఆ పంతమే.

జరిగిందేమిటంటే, వంటశాలవాళ్ళకి నాకు షుగరని తెలియదు. అక్క అడిగి తెలుసుకున్నది అక్క దగ్గరే ఆగిపోయేది. పైవాళ్ళకి చెప్పే దారి ఆవిడకి లేదు. పై గిన్నెలో అప్పుడప్పుడూ తీపి వచ్చేది. నేను తినేసేవాణ్ణి. సిస్టరు రక్తంలో షుగరు చూసి కంగారుపడి డాక్టరుకి చెబితే, ఆయన బిళ్ళ పెంచేవాడు. అవతల వంటశాల తీపి పెంచితే, ఇవతల ఆసుపత్రి మందు పెంచేది. రెండు ఆఫీసుల పందెం, బరి నా ఒళ్ళు. దానికి తోడు సిస్టరు సెలవు మీద వెళ్ళినప్పుడు ఎవరో వస్తారని ఆసుపత్రీ, ఎవరో వచ్చే ఉంటారని సంక్షేమం వాళ్ళూ అనుకున్నారు. ఎవరూ రాలేదు. కట్టు తడిసి, పుండు వాసన వేసి, నన్ను మళ్ళీ ఆసుపత్రికి మోసుకెళ్ళారు. మూడో వేలు మీద కూడా డాక్టరు కన్ను పడింది గానీ, ఎందుకో దయతలచి వదిలేశాడు.

తిరిగొచ్చాక ఈ కథంతా సంక్షేమం అమ్మాయికి అభినయించి చూపించాను. వంటవాడిగా నేనే, డాక్టరుగా నేనే, మధ్యలో వేలుగా కూడా నేనే. పాత్రకో గొంతు పెట్టాను. ఆ పిల్ల టీ కప్పు కింద పెట్టేసింది.

"ఇందులో నవ్వడానికి ఏముందండీ?"

"అదేంటమ్మా, అంతా నవ్వేగా!"

"ఇంకో వేలు పోయేది. మీరు ముగ్గురి చేతుల్లో ఉన్నారు, ముగ్గురిలో ఎవరికీ మీ గురించి పూర్తిగా తెలియదు." టీ సగంలో వదిలేసి లేచింది. "నేను మాట్లాడతానండీ."

మాట్లాడింది. ఇలా మాట్లాడతామన్నవాళ్ళని నేను చాలామందిని చూశాను గానీ, నిజంగా మాట్లాడినదాన్ని ఈ పిల్లనే చూశాను. ఆసుపత్రివాళ్ళనీ, వంటశాలవాళ్ళనీ, తన పైఅధికారులనీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టింది. మూడు ఆఫీసులూ కలిసి ఒకే పథకం పెట్టాయి. దాని పేరు 'ఒకసారి చెబితే చాలు'. రోగి తన సంగతి ఒక్కరికి ఒక్కసారి చెబితే అది ముగ్గురికీ చేరుతుంది. ఒక ఇంటికి ఒకే మనిషి వెళ్ళాలి, అన్ని పనులూ ఆ మనిషే చూడాలి. మా ఇల్లు సిస్టరు వంతుకొచ్చింది.

ఇక చూడండి నా వైభోగం! సిస్టరు వచ్చేది. తీపి లేని భోజనం డబ్బాలు ఫ్రిజ్‌లో సర్దేది. బిళ్ళలు వేళల వారీగా పెట్టేది. కట్టు మార్చేది. నేను గొంతు సవరించుకునేసరికి చెప్పులు వేసుకునేది.

"పడ్డానా లేదా అని అడగవా?" అన్నాను ఒకరోజు.

"అక్కర్లేదన్నయ్యా. అంతా ఫోన్లో ఉంది."

"ఇంట్లో ఇంకెవరుంటారో?"

"అదీ ఉంది." బుగ్గ మీద చెమట తుడుచుకుని నవ్వింది. "నీకింక వాగే పని తప్పింది, హాయిగా ఉండు."

కాలు నిజంగానే మానుతోంది. అబద్ధమెందుకు? షుగరు దిగింది, పుండు చుట్టూ కొత్త చర్మం గులాబీరంగులో వచ్చింది. ఆ పథకాన్ని తిడదామంటే కాలే అడ్డొచ్చేది. కాకపోతే ఇంట్లో గంటలున్నాయి, గంట లేదు. తలుపు తట్టేవాళ్ళు లేక తలపులే తడుతున్నాయి. మధ్యాహ్నాలు ఫ్రిజ్ తలుపు తీసి డబ్బా వేడి చేసుకుని, నిలబడే తిని, గిన్నె కడిగేసేవాణ్ణి. కుర్చీలు మూడూ దర్బారులో ఎలా ఉండేవో అలాగే ఉన్నాయి. వాటిని గోడవారకి జరపబుద్ధి కాలేదు. గాలి ఇటు తిరిగినప్పుడు కిటికీ దగ్గరకెళ్ళి నిలబడేవాణ్ణి. "దయచేసి గమనించండి" అనేవాడు వాడు. ఆ మధ్య నేను జవాబు చెప్పడం కూడా మానేశాను.

అలా ఉండగా సంక్షేమం అమ్మాయి ఫోను చేసింది. పథకం ఎలా నడుస్తోందో చెప్పుకోవడానికి మూడు ఆఫీసుల సభ ఉందట. రోగుల తరఫున నేను మాట్లాడాలట. మైకుంటుందా అన్నాను. ఉంటుందండీ అంది. మనసులో అప్పుడే ఉపన్యాసం తయారైపోయింది. అయ్యా, అమ్మా, మీ పథకం మహాగొప్పది, కానీ నా ముగ్గురినీ నాకు తిరిగిచ్చేయండి. పేరేంటని అడగండి, పడ్డావా అని అడగండి, రోజూ అడగండి. అంతే నా కోరిక.

సభకి ముందురోజు సిస్టరు కట్టు మారుస్తుంటే ఉండబట్టలేక అన్నాను. "ఇదివరకు కూర్చునేదానివి. ఇప్పుడు కట్టు కట్టావో లేదో కాళ్ళకి చక్రాలు కడుతున్నావు."

"ఏం చెయ్యనన్నయ్యా? మీ వెనక బ్లాకులో ఒక పెద్దమ్మ ఉంది. కళ్ళు సరిగ్గా ఆనవు. బిళ్ళలన్నీ ఒకే డబ్బాలో పోసుకుని, చేతికొచ్చినవి మింగుతోంది. ఎన్నాళ్ళుగానో మా దగ్గర పేరుంది గానీ వెళ్ళే మనిషే లేదు. ఎలా ఉంటారు? నీ ఒక్కడి చుట్టూ ముగ్గురం తిరుగుతుండేవాళ్ళం. ఇప్పుడు నీ దగ్గర మిగిలిన టైము ఆవిడకి పోతోంది."

ఏదో ఒక విసురు విసరాలి. నోరు తెరిచాను, ఏమీ రాలేదు. సిస్టరు అనుమానంగా నా మొహంలోకి చూసింది.

"నొప్పిగా ఉందా?"

"లేదులే. కట్టు."

సభకి వ్యానులో తీసుకెళ్ళారు. హాల్లో క్యారేజీ అక్క కనబడి, జనంలోంచి తోసుకుంటూ వచ్చి నా భుజం పట్టుకుంది. ఆవిణ్ణి ఇప్పుడు వంటశాలలోనే డబ్బాలు కట్టే పనిలో పెట్టారట.

"చిక్కిపోయావేంటి తమ్ముడూ?"

"తీపి మానేశానుగా అక్కా. నువ్వెలా ఉన్నావు?"

"నాకేం, మెట్లెక్కే పని తప్పింది, మోకాళ్ళు బతికాయి. డబ్బాలతోనే కాలక్షేపం. మూత పెట్టాక డబ్బాలేం మాట్లాడతాయి?" అని అటు తిరిగి ముక్కు చీదింది.

మైకు చేతికిచ్చారు. ఎంతకాలమైందో దాని బరువు చూసి. హాలు నిండా మనుషులు, అందరూ నావైపే చూస్తున్నారు. ఒక్క మాట అంటే చాలు. నా ముగ్గురినీ నాకిచ్చేయండి. కానీ అడిగితే ఎవరి దగ్గర లాక్కుని ఇస్తారో నిన్ననే తెలిసింది కదా. బిళ్ళల డబ్బాలో తడుముకుంటున్న చెయ్యొకటి కళ్ళముందు కదిలింది.

"దయచేసి గమనించండి!" అన్నాను. హాలు ఘొల్లుమంది. "ఇదివరకు మూడు ఆఫీసులూ ఒకదాని మీద ఒకటి వేలెత్తి చూపుకునేవి. వేళ్ళు మాత్రం నావి పోయేవి. ఇప్పుడు చెయ్యీ చెయ్యీ కలిపారు, నా కాలు బతికింది!"

చప్పట్లే చప్పట్లు. నవ్వేవాళ్ళు నవ్వుతున్నారు, ఫొటోలు తీసేవాళ్ళు తీస్తున్నారు. ముందు వరసలో సంక్షేమం అమ్మాయి మాత్రం ఎప్పటిలాగే నవ్వలేదు.

వ్యానెక్కే దగ్గర పక్కకొచ్చి నిలబడింది. "మీరు చెప్పాలనుకున్నది చెప్పలేదండీ."

"ఒకసారి చెబితే చాలన్నారుగా. ఆ ఒకసారి ఎప్పుడో అయిపోయిందమ్మా."

ఆ పిల్ల వ్యాను తలుపు పట్టుకుని ఆపింది. "ఇంటికి ఎవరూ రావట్లేదు, అదేనా?"

తలూపాను. నా నోటితో చెప్పాల్సినదాన్ని ఆ పిల్ల నోటితో వింటే ఎలాగో అయిపోయింది.

"మూడు ఆఫీసుల్లోనూ దానికి శాఖ లేదండీ," అంది నెమ్మదిగా. తప్పించుకోవడానికి అన్న మాట కాదది. వెతికి చూసి, దొరక్క అన్న మాట.

"వెనక బ్లాకు పెద్దమ్మకో?"

"ఆవిడకీ లేదు."

కాలు మానింది. సిస్టరు ఆఖరి కట్టు విప్పి, ఇంక తను రానక్కర్లేదని, అదేదో శుభవార్త అయినట్టు చెప్పింది. శుభవార్తే మరి. చెప్పులు వేసుకుంటుంటే ఆపి, ఆ పెద్దమ్మని ఒకమాట అడిగి చూడమన్నాను. పక్క బ్లాకులో ఒకాయన ఉన్నాడు, పలకరించడానికి వస్తానంటున్నాడు, రావచ్చా అని. మర్నాడు ఫోను చేసింది.

"అడిగానన్నయ్యా. ఏమీ అనలేదు."

"వద్దందా?"

"వద్దని కూడా అనలేదు."

అది చాలు. చేతికర్ర పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగుతూ దిగి, వెనక బ్లాకుకి బయల్దేరాను. పేరుకి వెనక బ్లాకే గానీ, మధ్యలో బట్టలారేసిన తీగల కింద నుంచి నడుస్తుంటే పొరుగూరు వెళ్తున్నట్టుంది. ఆ మెట్లూ ఎక్కి గంట నొక్కాను. ఎవరూ పలకలేదు. మళ్ళీ నొక్కాను. లోపల నేల మీద చెప్పులు ఈడుస్తున్న చప్పుడు తలుపు దాకా వచ్చి ఆగింది.

"ఏ ఆఫీసు?"

"ఏ ఆఫీసూ కాదు పెద్దమ్మా."

"ఈ గొంతు ఎక్కడో విన్నాను."

"బస్టాండులో అయ్యుంటుంది."

"కిటికీలోంచి వస్తుంటుందే, అదా? ఏ బస్సు ఎప్పుడో చెబుతుంటావు. నేను ఎక్కడికీ పోను గానీ, వింటుంటాను." తర్వాత, పాఠం అప్పజెప్పినట్టు, తలుపవతల నుంచి వరసగా మొదలుపెట్టింది. "షుగరు లేదు, బీపీ ఉంది. రెండుసార్లు పడ్డాను, స్నానాలగదిలో. కళ్ళు ఆనవు. ఇంట్లో ఇంకెవరూ ఉండరు. సరిపోయిందా? ఇంకేమైనా అడగాలా?"

"నేను అడగడానికి రాలేదు పెద్దమ్మా. నన్నడుగు."

వెళ్ళిపోయిందేమో అనుకున్నాను. వెళ్ళలేదు. ఊపిరి వినబడుతోంది.

"షుగరుందా?"

"ఉంది."

"ఎప్పుడైనా పడ్డావా?"

మా ఆవిడ చూపు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. "లేదు."

"ఇంట్లో ఇంకెవరుంటారు?"

"ఎవరూ ఉండరు."

అంతమందికి అన్నిసార్లు జవాబు చెప్పాను గానీ, ఈ జవాబు ఎప్పుడూ చెప్పలేదు. మెట్ల మీద నా గొంతు నాకే కొత్తగా, చిన్నగా వినబడింది.

లోపల గొళ్ళెం కోసం చెయ్యి తలుపంతా తడుముతోంది. దొరకడానికి ఆవిడకి చాలాసేపు పట్టింది. నేను ఏమీ మాట్లాడకుండా నిలబడ్డాను.