ఏడో నంబరు పిండి

ఆ పరిశోధన కేంద్రంలో పెద్దసారును అందరూ చాటుగా పచ్చసారు అంటారు. పైరు పచ్చగా కనిపిస్తే చాలు, ఆయనకు లోకమంతా క్షేమం. అంతకుమించి ఆలోచించడానికి ఆ బుర్రలో చోటు లేదని ల్యాబులో గింజలు పరీక్షించే మరదలి నమ్మకం. ఆయన ఆమెకు స్వయానా అక్క మొగుడు. అయినా సరే, ఆఫీసులో "సార్" అనకపోతే మొహం మాడ్చుకుంటాడు.

పాత బ్యాటరీల ఫ్యాక్టరీ పక్క మడుల్లో తొమ్మిది రకాల గోధుమలు వేశారు. ఆ మట్టినిండా కాడ్మియం విషం. ఎనిమిది రకాలు పాలిపోయి, గిడసబారి, తమ బాధ బయటపెట్టాయి. ఏడో నంబరు మాత్రం నిగనిగలాడింది. సారు పొంగిపోయి, దాని ఆకు కోయించి పరీక్ష చేయించి, విషాన్ని జయించిన రకం ఇదేనని ప్రకటించేశాడు. అయ్యా మహానుభావా, గోధుమలో మనం తినేది ఆకా? విత్తనం రైతులకు పంచమనే అనుమతి కాగితం మీద ఇక సంతకమే తరువాయి.

మరదలు తన పరీక్ష ఫలితం ఆయన బల్లమీద పెట్టింది. "గింజలో విషం హద్దుకు ఆరు రెట్లుంది సార్. మొక్కకేం కాలేదు. అయ్యేది తినేవాళ్లకే."

"మొక్కకి లేని నొప్పి నీకెందుకమ్మా? మిషన్ తప్పు చూపించుంటుంది."

"మూడుసార్లు చూశాను."

"నాలుగోసారి చూడు" అంటూ పెన్ను మూత తీశాడు. సిగ్గులేని మనిషి!

ఇంతలో ఫోన్ మోగింది. చేతిలో పెన్ను వదల్లేక సారు స్పీకర్ నొక్కాడు. అవతల అక్క.

"ఏవండీ, మీరు తెచ్చిన ఏడో నంబరు పిండి అయిపోవచ్చింది. మనవరాలు ఆ జావ తాగి గిన్నె కూడా నాకేస్తోందనుకోండి! ఇంకో సంచి తెస్తారా?"

సారు మొహంలో నెత్తురు చుక్క లేదు. "ముందా గిన్నె లాక్కో! మిగిలిందంతా పారబొయ్యి!" అని అరిచి ఫోన్ పెట్టేశాడు.

నుదురు తుడుచుకున్నాడు. గుక్కెడు మంచినీళ్లు తాగాడు. ఆ తర్వాత, ఛీ, మళ్లీ పెన్ను అందుకున్నాడు. తన ఇంటికి మాత్రం మిషన్ సరిగ్గానే చూపించిందన్నమాట.

మరదలు ఆ అనుమతి కాగితం తన వైపు లాక్కుంది. ఏడో నంబరు విత్తనాన్ని ఏం చేయాలో రాసే గడిలో, గుండ్రటి అక్షరాలతో, "మిగిలిందంతా పారబొయ్యి" అని రాసి ఆయన ముందుకు తోసింది.

"సంతకం పెట్టండి బావగారూ. మాట మీదేగా."