గద్దలకు వేసిన సద్కా

గిద్దలూరు ఘాట్లో బస్సెక్కితేనే హమీదాబీకి కళ్ళు తిరుగుతాయి. అలాంటి తల్లి కడుపున పుట్టిన సుమయ్యా ఇద్దరు మాత్రమే పట్టే బుల్లి విమానం నడపడం నేర్చుకుంటోంది. నంద్యాలలో పరుపులు కుట్టే ఖాసిం కూతురు గాల్లో ఎగురుతోందని వీధి వీధంతా మురిసిపోతోంది. మురిసేవాళ్ళకేం, కన్నది వాళ్ళు కాదు కదా!

ఆ ఉదయం సుమయ్యా, తనకు నేర్పించే రాజశేఖర్ సార్ పక్కన కూర్చుని ఉండగా, ఆళ్ళగడ్డ దగ్గర విమానం దించబోతోంది. అక్కడ ఒక విత్తనాల వ్యాపారి తన సొంత విమానం కోసం శనగచేల మధ్య చిన్న రన్‌వే వేయించుకున్నాడు. "అమ్మీ, నువ్వొచ్చి చూడాల. నేను దిగేది కండ్లారా చూస్తే నీ భయం పోతాది" అని పిల్ల ఫోన్లో ఒకటే పోరు. ఖాసిం తన వల్ల కాదని ఇంట్లోనే ఉండిపోయాడు. హమీదాబీ తన తమ్ముడు అన్సార్ బండి వెనక కూర్చుని, దారి పొడవునా దువా చదువుకుంటూ వచ్చింది.

ఆమె ఒళ్ళో ఒక సంచి ఉంది. అందులో మేక కార్జం ముక్కలు. పిల్లలకు జబ్బు చేసినా, దూర ప్రయాణం పడినా మాంసం తల చుట్టూ తిప్పి గద్దలకు వేయడం వాళ్ళింట్లో అలవాటు. సద్కా అనే ఆ దానంతో పాటే రావలసిన కీడునూ గద్ద ఎత్తుకుపోతుందని నమ్మకం. బిడ్డ ఎదురుగా లేదు కాబట్టి హమీదాబీ ఫోన్లో ఉన్న ఫొటో చుట్టూ తిప్పింది. మిద్దెక్కి అక్కడే వేసేసినా సరిపోయేది. కానీ బిడ్డ దిగే చోటే వేస్తే ఇంకా గట్టిగా కాపాడుతుందని ఆ పిచ్చితల్లికి తోచింది.

రన్‌వే కంచె పక్కన నిలబడి ముక్కలన్నీ లోపలికి విసిరింది. మొదట ఒక గద్ద దిగింది. ఆ తర్వాత ఎక్కడెక్కడివో వచ్చి వాలాయి. కొన్ని కింద పీక్కుంటుంటే కొన్ని పైన చుట్లు తిరుగుతున్నాయి.

"చూడప్పా, ఎట్లొచ్చినాయో! మన సద్కా అల్లాకు కబూలైనట్టే" అంది సంబరంగా.

అప్పుడే దూరం నుంచి విమానం మోత వినిపించింది. అన్సార్ తల ఎత్తి చూశాడు.

"ఆపా, ఇవి యాడ తిరుగుతాండాయో చూసినావా? బిడ్డ వచ్చే దారి అదే!"

చేసిన పనేమిటో హమీదాబీకి ఒక్కసారిగా అర్థమైంది. బురఖా విప్పి చేత్తో ఊపుతూ, కంచె దూరి, "పోండి, పోండి" అని అరుస్తూ పరిగెత్తింది. ఆ కేకలకు కింద ఉన్న గద్దలన్నీ ఒక్కసారిగా పైకి లేచాయి. విమానం అప్పటికే కిందికి దిగుతోంది.

ధడేల్మని ఒక చప్పుడు, వెంటనే ఇంకొకటి. ఇంజన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఆ మోత ఆగిపోవడం కంటే భయంకరమైనది హమీదాబీ పుట్టాక వినలేదు. విమానం ఒక పక్కకు ఒరిగి, ఆమె నెత్తి మీదుగా పోయి, రన్‌వే దాటి శనగచేలో పడింది. నల్లరేగడిలో చక్రం దిగబడి ముక్కు నేలకు గుద్దుకుంది.

అన్సార్ అటు పరిగెత్తాడు. తలుపు తెరుచుకోవడం లేదు. యా అల్లా, నన్ను తీసుకుపో, దాన్ని వదిలెయ్ అని హమీదాబీ ఉన్నచోటే కూలబడి మొక్కుకుంది. ఎంతకూ తెరుచుకోని తలుపు చివరికి తెరుచుకుంది. సుమయ్యా దిగింది. ముఖమంతా నెత్తురుతో ఉన్న సార్‌ను భుజం పట్టి దించి, అన్సార్ చేతికి అప్పగించి తల్లి దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

"గద్ద కొట్టుకుని అద్దం పగిలి సార్ కండ్లల్లో పెంకులు పడినాయి అమ్మీ. ఇంకోటి ఇంజన్‌కు తగిలింది. నేనే దించినా." ఆ పిల్ల పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. తల్లి చేయి గట్టిగా పట్టుకుని, ఇంకా పైన తిరుగుతున్న గద్దల వంక బెదురుగా చూసింది. "ఇన్ని గద్దలు యాడివి? సార్ మొన్న చూసిపోయినప్పుడు ఒక్కటీ ల్యాదంట."

సార్‌ను కూర్చోబెట్టి ఆసుపత్రికి ఫోన్ చేసిన అన్సార్, ఆ తర్వాత ఖాసింకు చెప్పి, ఫోన్ అక్క చెవి దగ్గర పెట్టాడు.

"సద్కా ఇచ్చినావు కదా? అందుకే బిడ్డ దక్కింది!" ఖాసిం ఏడుస్తున్నాడు. "మళ్ళా ఎగిరే రోజు ఈసారి పొట్టేలునే కోస్తా. ఆడికే వచ్చి గద్దలకు నేనే ఏస్తా."

అవునంటే సరిపోయేది. అన్సార్ నోరు విప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. కానీ ఈయన అన్నంత పనీ చేస్తాడు.

"వద్దు" అంది హమీదాబీ. "నేనేసిన ముక్కలకే అవి ఈడికి వచ్చినాయి. నేను తరిమితేనే పైకి లేసినాయి. బిడ్డను నేనే సంపబోయినా."

సుమయ్యా తల్లి చేతిలోంచి తన చేయి తీసేసుకుంది. రెండడుగులు వెనక్కి వేసి, ఇందాక గద్దల వంక చూసినట్టే తల్లి వంక చూసింది.